నల్లగుడ్డు చుట్టూ సున్నపు గీత: ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు ల్యాబుకెళ్ళాలి

పోయిన నెల జాలరిపేట నుంచి ఒక పెద్దాయన మా షాపుకొచ్చాడు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో నాది చిన్న కళ్ళజోళ్ళ షాపు, 26 ఏళ్ళుగా ఆ స్టూలు మీదే ఉన్నాను. వల బాగుచేస్తుంటే కన్నాలు కనబడటం లేదని వచ్చిన మనిషి, చార్టు ముందు కూర్చోగానే ఆ సంగతి వదిలేశాడు. "ఏటి బాబూ ఇది, నల్లగుడ్డు సుట్టూ సున్నం గీసినట్టయిపోనాది. కళ్ళు పోతాయేటి?" అన్నాడు. ఆయనకి 71. దగ్గర చూపుకి అద్దాలిచ్చి, ఆ గీత జోలికి పోవద్దని చెప్పి పంపించాను.

అదే వారం ఎంవీపీ కాలనీ నుంచి ఒక అబ్బాయి ఫ్రేము మార్చుకోవడానికి వచ్చాడు. 34 ఏళ్ళు. అతనికీ అదే గీత, ఇంకొంచెం సన్నగా. అతను దాని గురించి ఒక్క మాట అడగలేదు, నేనే పట్టుకుని కూర్చోబెట్టాను. నేను డాక్టర్ని కాను, నంబరు చూసి అద్దాలు అమర్చేవాణ్ణి. రోగం పేరు పెట్టడం నా పని కాదు. కానీ రోజుకి పాతిక జతల కళ్ళు జానెడు దూరం నుంచి చూస్తాను కాబట్టి, ఇంట్లో మీరే ఎలా చూసుకోవాలో, చూశాక ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పగలను.

ముందు చూడటం. ట్యూబులైటు కింద వద్దు, పసుపు బల్బు కింద అసలే వద్దు. పగటిపూట కిటికీ పక్కన, వెలుగు చెంప మీద పడేలా మనిషిని కూర్చోబెట్టండి. కిందికి, తన మోకాళ్ళ వైపు చూడమనండి. ఇప్పుడు బొటనవేలితో పై రెప్పని మెల్లగా ఎత్తండి, గుడ్డు మీద నొక్కకుండా. గీత చాలామందికి పైన, కింద నెలవంకల్లా మొదలవుతుంది. పై నెలవంక రెప్ప చాటున దాక్కుంటుంది కాబట్టి అద్దంలో మామూలుగా చూసుకుంటే తెలియదు. తర్వాత పైకి, ఫ్యాను వైపు చూడమని కింది రెప్ప లాగి చూడండి. ఏళ్ళు గడిచాక రెండు నెలవంకలూ కలిసి పూర్తి వలయమవుతాయి. మన ముదురు గోధుమరంగు కళ్ళలో అది తెల్లగా కాకుండా, నీలం కలిసిన బూడిదరంగులో కనబడుతుంది. ఒంటరిగా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫ్లాష్ వద్దు, దాని మెరుపు సరిగ్గా గీత మీదే పడుతుంది.

ఇక్కడ ఒక గుర్తు పట్టుకోవాలి. వలయానికీ తెల్లగుడ్డుకీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంటుంది, తేటగా. ఆ సందు కనబడితే మనం మాట్లాడుకునేది దాని గురించే. డాక్టర్లు కార్నియల్ ఆర్కస్ అంటారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకి రక్తనాళాలు ఉండవు. చుట్టూ అంచున ఉండే సన్నని నాళాల నుంచి కొలెస్ట్రాల్, ఇతర కొవ్వులు కొద్దికొద్దిగా ఊరి ఆ పొరలో పేరుకుంటాయి. అంచునే ఉంటుంది కాబట్టి చూపుకి అడ్డం రాదు.

దీన్ని శుక్లం అనుకుని కంగారు పడేవాళ్ళే ఎక్కువ. శుక్లం కనుపాప లోపల, నట్టనడుమ మసకగా ఉంటుంది. ముక్కు వైపు నుంచి ఎర్రటి కండలాంటిది నల్లగుడ్డు మీదికి పాకుతుంటే అది టెరీజియం. ఎండలో, సముద్రం మీద బతికేవాళ్ళకి అది మామూలే, హార్బరు వైపు నుంచి వచ్చే కళ్ళల్లో నేను తరచూ చూస్తాను. చిన్న వయసులో బంగారు గోధుమరంగు వలయం, అదీ సందు లేకుండా అంచుకి అంటుకుని ఉంటే రాగి పేరుకునే విల్సన్ జబ్బు కావచ్చు. అది అరుదు, కానీ ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఇక వయసు. 60 దాటాక ఈ గీత కనిపిస్తే తల నెరిసినంత మామూలు. 80 దాటినవాళ్ళలో దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. ఇది గుండెజబ్బుకి గుర్తని భయపెట్టేవాళ్ళున్నారు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో 12,745 మందిని 1970ల చివరి నుంచి దశాబ్దాల పాటు గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వయసు, కొలెస్ట్రాల్ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక, ఈ వలయం తనంతట తానుగా గుండెపోటుని ముందే చెప్పలేకపోయింది. కంటి మూలల్లో రెప్పల మీద వచ్చే పసుపుపచ్చని కొవ్వు మచ్చలు మాత్రం చెప్పాయి. అందుకే మా షాపుకొచ్చే పెద్దవాళ్ళ రెప్పలు కూడా ఒకసారి చూస్తాను.

45 లోపు అయితే మాత్రం వదిలేయొద్దు. ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను. 2016లో, నాకు 38 ఏళ్ళప్పుడు, కొత్తగా వచ్చిన శాంపిల్ ఫ్రేము పెట్టుకుని షాపు అద్దంలో చూసుకుంటే కింద నెలవంక కనబడింది. కస్టమర్లకి పాఠం చెప్పే మనిషిని, నా దగ్గరికొచ్చేసరికి సీజను అయ్యాక చూద్దామనుకుని ఎనిమిది నెలలు గడిపేశాను. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 218. అప్పుడు నాన్న గుర్తొచ్చారు. 46 ఏళ్ళకే పోయారు. గ్యాసు నొప్పనుకుని పూర్ణా మార్కెట్ దగ్గర సోడా తాగి ఇంటికొచ్చి పడుకున్నారు, అంతే. ఆయన కళ్ళల్లో ఏముండేదో ఇంట్లో ఎవరూ చూడలేదు.

వంశంలో వచ్చే అధిక కొలెస్ట్రాల్ సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. పెద్దవాళ్ళలో ఎల్‌డీఎల్ 190 దాటితే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మడమ వెనక తాడులా ఉండే నరం (టెండన్) దళసరిగా ఉన్నా, చేతి కణుపుల మీద గట్టి బుడిపెలున్నా ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. ఇద్దరికీ ఉండి పెళ్ళయితే, నలుగురిలో ఒక బిడ్డకి రెండు వైపుల నుంచీ రావచ్చు. అలాంటి పిల్లలకి చిన్నతనంలోనే గుండెనాళాలు మూసుకుపోతాయి. సంబంధం కలుపుకునేటప్పుడు కట్నం లెక్కలతో పాటు కొలెస్ట్రాల్ పరీక్ష కాగితం కూడా చూసుకుంటే పోయేదేం లేదు.

ఒక కంటికే వలయముండి రెండో కన్ను శుభ్రంగా ఉంటే సంతోషించకండి. వలయం లేని వైపు మెడలోని కెరోటిడ్ నాళం సన్నబడి, ఆ కంటికి రక్తం తక్కువ అందుతుండవచ్చు. ఏ వయసులోనైనా సరే, డాక్టరుకి చూపించాలి.

చేయాల్సిన పరీక్ష లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వులు కొలిచేది. కాగితం రాగానే మొత్తం కొలెస్ట్రాల్ చూసి ఊరుకోకండి, ఎల్‌డీఎల్ గడి చూడండి. థైరాయిడ్, షుగరు కూడా కొవ్వుని పెంచుతాయి, డాక్టరు వాటికీ రాస్తారు. కంటి అనుమానాలకి పెదవాల్తేరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్‌వీ ప్రసాద్ ఉంది. రక్తం రిపోర్టుకి మాత్రం జనరల్ మెడిసిన్ డాక్టరే కావాలి, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ అయినా, మీ వీధి డాక్టరైనా.

చుక్కలతో ఇది పోదు. మా అమ్మకి ఒక మందుల షాపులో 'పొర కరిగించే చుక్కలు' అంటగట్టారు. రెండు నెలలు వేసుకుంది, మంట తప్ప ఏం మిగల్లేదు. తేనె, ఆముదం కూడా కంట్లో పోయకండి. మాత్రలతో రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గినా పాత గీత చెరిగిపోదు. ఇవాళ నా ఎల్‌డీఎల్ 92, నెలవంక మాత్రం అక్కడే ఉంది.

నా రిపోర్టు వచ్చిన రోజే గాజువాకలో ఉండే తమ్ముడికి ఫోన్ చేశాను. నాకేం లేదు, రోజూ స్టీల్ ప్లాంటుకి సైకిల్ మీద వెళ్తున్నానన్నాడు. ఆదివారం షాపుకి రప్పించి, అదే అద్దం ముందు కూర్చోబెట్టి కింది రెప్ప లాగాను. కాసేపు చూసుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న ఏడింటికి ల్యాబు బయట నుంచి ఫోన్.

"అన్నయ్యా, ఒక్క టీ తాగొచ్చా?"

"నీళ్ళు తాగు," అన్నాను.