డిసెంబరులో ఇండియా టికెట్టు: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో స్కూళ్లకు చలికాలం సెలవులు డిసెంబరు 20కి అటూ ఇటూగా మొదలై జనవరి మొదటి వారంలో అయిపోతాయి. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా మన వాళ్లందరూ హైదరాబాద్ వెళ్లి రావాలనుకునేది ఆ రెండు వారాల్లోనే. ఆ రోజులకు ఫిబ్రవరి రేటులో టికెట్టు ఇప్పిస్తానని ఎవరైనా అంటే ముందు అనుమానపడండి. పీక్ సీజన్‌లో నిజంగా డబ్బు మిగిలేది తేదీ మార్చుకుంటేనో, దిగే ఊరు మార్చుకుంటేనో. మిగతా చవకలో చాలా భాగం తర్వాత ఏదో ఒక రూపంలో మన దగ్గరే వసూలవుతుంది.

స్కూలు వదిలిన శుక్రవారం సాయంత్రం, దాని వెనకే వచ్చే శని, ఆదివారాలు బాగా భారం. అదే 24 రాత్రో, క్రిస్మస్ రోజునో ఎక్కితే తరచూ తగ్గుతుంది. తిరుగు ప్రయాణానికి జనవరి 2 నుంచి 5 దాకా అందరూ ఎగబడతారు. బడికెళ్లే పిల్లలు లేనివాళ్లు కనుమ దాటాక బయలుదేరితే పండగా దక్కుతుంది, రేటూ దిగుతుంది. గూగుల్ ఫ్లైట్స్‌లో ఆగస్టులోనే అలర్ట్ పెట్టుకుని, తేదీల పట్టిక తెరిచి రెండు రోజులు అటూ ఇటూ జరిపి చూడండి. చివర్లో తగ్గిస్తారులే అని థ్యాంక్స్‌గివింగ్ దాకా కూర్చుంటే మిగిలేవి ఖరీదైన సీట్లే.

అందరూ శంషాబాద్‌లోనే దిగాలనేమీ లేదు. హిందూపురం, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గర. అది ఊరికి ఉత్తరాన దేవనహళ్లిలో, హైదరాబాద్ హైవే పక్కనే ఉంది కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో పడక్కర్లేదు. నెల్లూరు, తిరుపతి వాళ్లు చెన్నై రేటు కూడా చూడాలి. అయితే కారేసుకుని రావాల్సిన నాన్నగారికి ఆ దూరం, ఆ అర్ధరాత్రి వేళ కుదురుతుందో లేదో ముందే అడగండి.

నలుగురికి కలిపి వెతికేటప్పుడు ఒక తిరకాసు ఉంది. ఒకే ఎకానమీ సీట్లను ఎయిర్‌లైన్లు రకరకాల రేట్ల కింద విడగొట్టి అమ్ముతాయి. తక్కువ రేటులో రెండే సీట్లు మిగిలి ఉండగా మీరు నలుగురికి అడిగితే, సాధారణంగా నలుగురికీ పై రేటే చూపిస్తుంది. ముందు ఒకరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూస్తే సంగతి తెలిసిపోతుంది. తేడా పెద్దదైతే రెండు బుకింగ్‌లు చేసుకోవచ్చు. కానీ ఒక్కో దాంట్లో ఒక పెద్దవాళ్లు ఉండేలా చూడండి. ఫ్లైట్ క్యాన్సిల్ అయితే రెండు పీఎన్ఆర్‌లనూ (అంటే బుకింగ్ నంబర్లనూ) వేర్వేరు విమానాల్లో సర్దేయొచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకునే బిడ్డకు తిరుగు ప్రయాణంలోపు రెండేళ్లు నిండితే, వచ్చేటప్పుడు సీటు కొనాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది విడి టికెట్ల దగ్గర. అమెరికా నుంచి ఢిల్లీకి ఒకటి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు ఇంకొకటి కొంటే రెండు వందల డాలర్లు మిగిలినట్టే కనిపిస్తుంది. ఇక లెక్క చూడండి. అంతర్జాతీయ టికెట్టు మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకున్నారనుకుందాం. దేశీయ టికెట్టు మీద ఉచితంగా ఒప్పుకునేది మామూలుగా 15 కిలోలు. పైన ప్రతి కిలోకూ కౌంటర్ దగ్గర కట్టాలి. పైగా అది ఢిల్లీలో పొగమంచు కాలం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, విడి టికెట్టు వాళ్లకు మీతో సంబంధం లేదు. ఆ ఉదయం కౌంటర్ రేటుకు నలుగురికీ కొత్త టికెట్లు కొనాలి. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్‌ది. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేసినప్పుడు ఈ తేడా చాలామందికి తెలిసొచ్చింది. ఒకే టికెట్టయినా ఢిల్లీలోనో ముంబైలోనో ఇమిగ్రేషన్ అయ్యాక సాధారణంగా సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి కాబట్టి, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.

హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లకు ఇంకో మెలిక. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ గడువు తీరిపోయి, అమెరికాలో ఉండటానికి అనుమతి వచ్చిందని చెప్పే ఐ-797 కాగితం మీదే ఉంటున్నారా? అయితే లండన్ మీదుగా వెళ్లే చవక టికెట్టు జోలికి పోకండి. ఇండియా పాస్‌పోర్టుకు అక్కడ ఎయిర్‌పోర్టు మారకపోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లే అమెరికా వీసానో గ్రీన్‌కార్డో లాంటివి ఉంటేనే మినహాయింపు. యూరప్‌లో కొన్ని దేశాలదీ ఇదే వరస. దుబాయ్, దోహా, అబుదాబీల్లో ఎయిర్‌పోర్టు దాటకుండా విమానం మారితే ఈ టెన్షన్ లేదు. స్టాంపింగ్ కోసమే, అంటే ఇండియాలోని అమెరికా కాన్సులేట్‌లో కొత్త వీసా వేయించుకోవడానికే వెళ్తుంటే తిరుగు టికెట్టు తేదీ మార్చుకోగలిగేది కొనండి, కాస్త ఎక్కువైనా సరే. 2025 డిసెంబరులో ఇంటర్వ్యూలు ఉన్నపళంగా మార్చికి జరిగి ఎంతమంది ఇరుక్కుపోయారో గుర్తుందిగా.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏజెంట్లందరూ మోసగాళ్లు కారు. కొందరి దగ్గర నిజంగానే తక్కువ రేట్లుంటాయి. కానీ ఆరు అక్షరాల పీఎన్ఆర్ చేతికొచ్చినంత మాత్రాన టికెట్టు వచ్చినట్టు కాదు, అది సీటు పట్టి ఉంచడమే కావచ్చు. అడగాల్సింది 13 అంకెల ఈ-టికెట్ నంబరు. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌ను చెబుతాయి: ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157, ఎయిర్ ఇండియాకు 098. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోకి వెళ్లి బుకింగ్ తెరిచి ఆ నంబరు కనిపిస్తోందో లేదో చూసుకోండి. డబ్బు జెల్‌లోనే (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే Zelle) పంపమంటే వద్దనండి. క్రెడిట్ కార్డు అయితే తేడా వచ్చినప్పుడు బ్యాంకుతో పోట్లాడొచ్చు. నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొంటే ఇంకో సౌకర్యం ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం 24 గంటల్లో క్యాన్సిల్ చేసి పూర్తి డబ్బు తీసుకోవచ్చు, లేదా డబ్బు కట్టకుండానే ఆ రేటును అంతసేపు పట్టి ఉంచమనొచ్చు. ఈ రెండిట్లో ఒకటి వాళ్లు ఇచ్చి తీరాలి.

ఆ 24 గంటలు పేర్లు సరిచూసుకోవడానికి వాడండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి అసలే ఖాళీ. టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఫేస్‌బుక్‌లో ఉన్నట్టు కాదు.

విమానం టికెట్టు అయ్యాక ఊరికెళ్లే రైలు మర్చిపోవద్దు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది. అంటే జనవరి 13న గోదావరి జిల్లాలకు వెళ్లాలంటే నవంబరు 14 ఉదయం 8 గంటలకు. ఆధార్‌తో వెరిఫై అయిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉన్న తమ్ముడికో బావకో ఆ పని అప్పగించి, ఫోన్ చేసి లేపండి. న్యూజెర్సీలో అప్పటికి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర.