‘చూశావా, నేను చెప్పలేదా’ అనకుండా పిల్లలతో స్క్రీన్ టైమ్ డాక్యుమెంటరీ చూడటం ఎలా

మొదటిసారి నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. తొమ్మిదో తరగతి చదివే మా అక్క కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ‘ది సోషల్ డైలెమా’ మొత్తం చూపించాను. అయిపోగానే వాడి వైపు తిరిగి “చూశావా?” అన్నాను, అంతే. వాడు ఒక్క ముక్క మాట్లాడకుండా ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వాడి తప్పేం లేదు, గంటన్నర సినిమాని నేను బెత్తంలా వాడాను, అది వాడికి మొదటి పది నిమిషాల్లోనే అర్థమైపోయింది.

రెండోసారి మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు పిల్లలతో, ఎనిమిది నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం దాకా చదివేవాళ్ళతో, మళ్ళీ చూశాం. ఈసారి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పిల్లలు ఈ సినిమాతో ఒప్పుకోవాల్సిన అవసరం లేదు, దాన్ని నిలదీస్తే చాలు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సోషల్ మీడియా గురించి జెఫ్ ఓర్లోవ్‌స్కీ తీసిన ఈ డాక్యుమెంటరీ 2020 సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. గూగుల్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళు కెమెరా ముందు కూర్చుని లోపల ఏం జరుగుతుందో చెప్తారు, మధ్యమధ్యలో నటులతో తీసిన ఒక కుటుంబం కథ నడుస్తుంది. మీరు ముందు ఒంటరిగా ఒకసారి చూడండి, ఇది తప్పనిసరి. అందులో ఆత్మహత్యల ప్రస్తావన ఉంది, తమని తాము గాయపరచుకోవడం గురించీ ఉంది. మీ పిల్లల్లో ఎవరైనా అలాంటి దశలో ఉన్నారని అనుమానం ఉంటే గుంపులో చూపించకండి, ఆ మాటలు విడిగా, నెమ్మదిగా మాట్లాడుకోవాల్సినవి.

మొదలుపెట్టే ముందు అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, నిన్న ఫోన్ ఎంతసేపు చూశారో అంచనా రాయమనండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’, ఐఫోన్‌లో అయితే ‘స్క్రీన్ టైమ్’ తెరిచి అసలు లెక్క పక్కన రాయాలి. పెద్దవాళ్ళూ రాయాలి, మినహాయింపు లేదు. నేను రెండు గంటలు రాశాను, ఫోన్ నాలుగు గంటల పది నిమిషాలు అంది. ఆ నవ్వులతో సగం టెన్షన్ పోయింది. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది: ఒక అమ్మాయి లెక్కలో గంటన్నర ట్యూషన్ వీడియోలే, ఒక అబ్బాయిది దాదాపు అంతా రీల్స్. రెండింటినీ ‘స్క్రీన్ టైమ్’ అని ఒకే గంపలో వేయొచ్చా అని అక్కడే అడిగేయండి, సమాధానం మాత్రం మీరు చెప్పకండి.

ఏకబిగిన చూడొద్దు, అరగంటకోసారి ఆపండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి: తెలిసి చెప్తున్నది, అనుకుని చెప్తున్నది, నటించి చూపిస్తున్నది. ఒక ఉద్యోగి ‘మేం ఈ బటన్ ఇలా తయారుచేశాం’ అంటే మొదటి గడి. అదే మనిషి ‘దీనివల్ల సమాజం కూలిపోతుంది’ అంటే రెండోది. ఎక్కడ ఏది రాయాలన్న దాని మీద పిల్లలు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి, పాఠమంతా ఆ గొడవలోనే ఉంది.

నాకు బాగా నచ్చింది మ్యూట్ ఆట. సినిమాలో బెన్ అనే అబ్బాయి వారం రోజులు ఫోన్ ముట్టనని వాళ్ళమ్మతో పందెం కాస్తాడు. యాప్ బుర్రని మనుషుల రూపంలో చూపించే ముగ్గురు, ముగ్గురూ ఒకే నటుడు, కంట్రోల్ రూమ్‌లో కూర్చుని వాడిని మళ్ళీ ఎలా లాగాలా అని లెక్కలేసి, పాత గర్ల్‌ఫ్రెండ్ గురించి ఒక నోటిఫికేషన్ వదులుతారు. ఆ రెండు నిమిషాలు ముందు సౌండ్ లేకుండా వేశాను. తర్వాత టీవీకి దుప్పటి కప్పి సౌండ్ ఒక్కటే వినిపించాను. చివరికి రెండూ కలిపి. ఎనిమిదో తరగతి పిల్ల అంది, “ఆంటీ, మ్యూట్‌లో వాడు మామూలుగా ఫోన్ చూసుకుంటున్నాడంతే, సౌండ్ పెడితే దెయ్యం సినిమా!” ఆ మ్యూజిక్ మన చేత ఏం అనిపిస్తోంది, ఎందుకు అనిపిస్తోంది అన్నది ఇక ఎవరూ వివరించక్కర్లేదు. మనల్ని ఆడించే యాప్‌ల గురించి చెప్పే సినిమా మనల్ని ఎలా ఆడిస్తోందో వాళ్ళకి వాళ్ళే పట్టుకున్నారు.

తర్వాత నిజానిజాలు తేల్చే పని. ఒకచోట ట్రిస్టన్ హారిస్, గూగుల్ మాజీ ఉద్యోగి, సైకిళ్ళు వచ్చినప్పుడు ఎవరూ కంగారుపడలేదు అన్న అర్థంలో మాట్లాడతాడు. పాజ్ చేసి, ఇది నిజమా అని వెతకమనండి. 1890ల్లో సైకిల్ తొక్కితే, ముఖ్యంగా ఆడవాళ్ళకి, మొహం వికారంగా మారిపోతుందని డాక్టర్లే భయపెట్టారు, దానికి ‘బైసికిల్ ఫేస్’ అని పేరు కూడా పెట్టారు. ఇది దొరికినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: ఒక ఉదాహరణ తప్పైతే ఆయన చెప్పినవన్నీ తప్పేనా? ఇక్కడ తొందరపడి అవుననేవాళ్ళే ఎక్కువ.

గ్రాఫ్‌ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. అమెరికాలో తమని తాము గాయపరచుకుని ఆస్పత్రిలో చేరిన 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లల సంఖ్య 189 శాతం పెరిగిందని జొనాథన్ హైట్ అనే సామాజిక మనస్తత్వవేత్త చూపిస్తాడు. అది అబద్ధమనో, చిన్న విషయమనో నేను అనడం లేదు. కానీ కాగితం మీద ఒక లెక్క చేయించండి: వెయ్యిమందిలో ఒకరు కాస్తా ముగ్గురైతే 200 శాతం పెరిగినట్టు. అంటే శాతం చూసి ఊరుకోకుండా, అసలు ఎంతమంది నుంచి ఎంతమందికి అని అడగాలి. ఏ దేశం లెక్క, ఏ సంవత్సరం నుంచి, అదే సమయంలో ఇంకేం మారింది, ఇవి కూడా. దీనికి ఎదురుగా ఇంకో పరిశోధన పెట్టండి. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో మూడున్నర లక్షలమందికి పైగా టీనేజర్ల సమాచారం పరిశీలించి, వాళ్ళ మానసిక స్థితిలో ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతమే అన్నారు, బంగాళాదుంపలు తినడానికీ దాదాపు అంతే సంబంధం కనిపించిందట. పండితులు దీని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఆ మాట పిల్లలకి దాచకుండా చెప్పండి.

ఇక్కడే మా ఇంటర్ అబ్బాయి అన్న మాట నన్ను ఆపేసింది. “మా హాస్టల్లో ఫోన్లు లేవు కదా ఆంటీ, మరి అక్కడ అందరూ హాయిగా ఉండాలి కదా?” రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లల్ని చదివించిన తెలుగు తల్లిదండ్రులకి ఈ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా.

ఎవరు చెప్తున్నారు, వాళ్ళకేం వస్తుంది అన్న ప్రశ్న చివర్లో ఉంచండి, అప్పటికి పిల్లలు వేడెక్కి ఉంటారు. హారిస్ ఈ విషయం మీదే పనిచేసే ఒక సంస్థని స్థాపించినవాళ్ళలో ఒకడు. సినిమా వేసింది నెట్‌ఫ్లిక్స్, దాని అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో తమ పోటీ నిద్రతో అని తనే అన్నాడు. మాకైతే క్రెడిట్స్ పడుతుండగానే తర్వాత ఏం చూడాలో స్క్రీన్ మూలన వచ్చేసింది, గది గదంతా ఒకటే నవ్వు. ఈ సినిమాకి ఫేస్‌బుక్ 2020 అక్టోబర్‌లో జవాబు కూడా రాసింది, అది చదివించి ఒకరిని కంపెనీ తరఫు లాయర్‌గా నిలబెట్టండి. మా దగ్గర అందరికంటే ఎక్కువ రీల్స్ చూసే అబ్బాయే ఆ కేసు ఓడిపోయాడు, తన ఫోన్ తనకే సాక్ష్యంగా.

ఒక ప్రమాదం ఉంది. ఇంత ప్రశ్నించాక ‘అంతా సోదే’ అనేసి లేచిపోతారు. అందుకే చేతిలో ఉన్న ఫోన్ మీదే పరీక్షించగలిగినది ఒకటి ఇవ్వండి: వారం పాటు మనుషులు పంపిన మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపి, ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో ముందు వారంతో పోల్చుకోవాలి. తగ్గితే తగ్గింది, తగ్గకపోతే అదీ రాయాలి.

ఇక మీ వంతు ఎలాగూ వస్తుంది. “నాన్నా, అన్నం తింటూ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు చూసేది ఎవరు?” అంటారు. అప్పుడు కోప్పడితే ఇంతసేపు చేసిందంతా నీళ్ళపాలు. మొదట్లో రాసిన మీ చీటీ తీసి టేబుల్ మీద పెట్టండి.