మల్టీమీటర్ తప్పు చూపిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

“మీటర్ పాడైపోయిందండీ, ఇప్పుడు ఏది కొంటే మంచిది?” అని అడిగేవాళ్లు నాకు నెలకు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఏది కొనాలో చెప్పే ముందు పాత మీటర్ పట్టుకురమ్మంటాను. అలా తెచ్చినవాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. వైరు తెగినవి, ఫ్యూజు పోయినవి, బ్యాటరీ అయిపోయినవే ఎక్కువ. ఈ మూడూ చూడకుండానే జనం కొత్త మీటర్‌కు డబ్బులు పోస్తున్నారు. అంతకన్నా ఘోరం, తప్పు చూపించే మీటర్‌ను నమ్మి బాగున్న వస్తువును విప్పి పాడు చేసుకుంటున్నారు. నాబ్ ఎక్కడ తిప్పాలో, ఏ వైరు ఏ సాకెట్‌లో పెట్టాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

బీప్ రావడం లేదు, లేదా అంకెలు గెంతుతున్నాయి

రెండు ప్రోబ్‌ల మొనలు ఒకదానికొకటి తగిలించండి. మీటర్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ చేయాల్సిన పని ఇది. పట్టుమని రెండు సెకన్లు పట్టదు, అయినా ఎవరూ చేయరు. 200 ఓమ్స్ రేంజ్‌లో సున్నా దగ్గర్లో, 0.2 నుంచి 0.5 దాకా వస్తే వైర్లు బాగున్నట్టే. ఎడమ పక్కన ఒంటరిగా 1 కానీ, ఓఎల్ (కొలవలేనంత ఎక్కువ అని) కానీ కదలకుండా ఉంటే ఏదో ఒక వైరు లోపల తెగింది. తెగేది సాధారణంగా ప్లగ్ మొదట్లో, లేదంటే ప్రోబ్ పిడి దగ్గర. నాబ్‌ను బీప్ గుర్తు దగ్గరికి తిప్పి, మొనలు కలిపి ఉంచి ఆ రెండు చోట్లా వైరును మెల్లగా వంచి చూడండి, బీప్ వచ్చిపోతుంది. కొత్త వైర్ల జత కొనుక్కుంటే పని అయిపోతుంది. అతికించి టేపు చుట్టిన వైరుతో మాత్రం 230 వోల్టుల మీద పని చేయకండి.

వోల్టేజ్ అన్నిచోట్లా కాస్త ఎక్కువ చూపిస్తోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పసుపు రంగు మీటర్ ఒకటి నా దగ్గర చాలాకాలం ఉండేది. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే 830 రకం. ఒక రోజు చిన్న ఆంప్లిఫయర్ బోర్డు బాగుచేస్తున్నాను. దాంట్లో 12 వోల్టులు ఇవ్వాల్సిన 7812 రెగ్యులేటర్ దగ్గర 13.9 వచ్చింది. ఆ ఐసీ బాగుంటే 11.5కూ 12.5కూ మధ్య ఉండాలి. ఐసీ పోయిందనుకుని మార్చాను. మళ్లీ 13.9. నకిలీ ఐసీ అంటగట్టారనుకుని ఇంకో కొట్లో తెచ్చి వేశాను. మళ్లీ అంతే. కెపాసిటర్లు మార్చాను. రెండు సాయంత్రాలు పోయాయి, విప్పీ అతికీ బోర్డు మీద రాగి గీత ఒకటి లేచిపోయింది. ఎందుకో అనుమానం వచ్చి గోడ ప్లగ్‌లో ప్రోబ్‌లు పెట్టి చూస్తే 265! కంగారుపడి ఫ్రిజ్ ప్లగ్ లాగేశాను. అప్పుడు కూడా మీటర్ మీద అనుమానం రాలేదు. ఎందుకంటే అంతకు ముందే 1 కిలో ఓమ్ రెసిస్టర్ కొలిచాను, సరిగ్గా చూపించింది. స్క్రీన్ మీద అంకెలు కూడా నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

చివరికి గోడ గడియారం కోసం తెచ్చిన కొత్త పెన్సిల్ సెల్ ఒకటి బల్ల మీద కనబడితే దాన్ని కొలిచాను. 1.83 వచ్చింది. లిథియం రకం కాని మామూలు కొత్త పెన్సిల్ సెల్‌లో 1.6కు అటూ ఇటుగా ఉంటుంది కానీ 1.83 ఉండే అవకాశమే లేదు. మీటర్ వెనక మరలు విప్పి కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేశాను. సెల్ 1.58, గోడ ప్లగ్ 229, రెగ్యులేటర్ 12.0. మొదటి ఐసీ కూడా బాగున్నదే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఇక మర్చిపోరు. మీటర్ లోపలి ఐసీ మీరిచ్చిన వోల్టేజ్‌ను తన దగ్గరున్న ఒక స్థిరమైన వోల్టేజ్‌తో పోల్చి అంకె చూపిస్తుంది. తక్కెడలో కిలో రాయి లాంటిది ఆ స్థిరమైన వోల్టేజ్. రాయి అరిగి 800 గ్రాములకు దిగిందనుకోండి, 800 గ్రాముల వంకాయలు కిలో అని తూగుతాయి. ఈ రకం మీటర్లలో వాడే 7106 తరహా ఐసీకి బ్యాటరీ సుమారు 7 వోల్టులకు పైన ఉన్నంతసేపే ఆ రాయి బరువు నిలకడగా ఉంటుంది. అంతకన్నా దిగితే రాయి తేలికవుతుంది, కొలిచిన ప్రతి వోల్టేజూ ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాటరీ తగ్గితే రీడింగ్ కూడా తగ్గాలి కదా అని మనకు అనిపిస్తుంది. జరిగేది తలకిందులుగా.

మరి రెసిస్టర్ ఎందుకు సరిగ్గా చూపించింది? రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు మీటర్ తన లోపలున్న రెసిస్టర్‌నూ మీ రెసిస్టర్‌నూ ఒకే కరెంటు మీద పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. బ్యాటరీ తగ్గితే రెండింటి మీదా వోల్టేజ్ సమానంగా తగ్గుతుంది, నిష్పత్తి మారదు. కాబట్టి ఓమ్స్ సరిగ్గా వచ్చాయని వోల్ట్స్‌ను నమ్మకూడదు. బ్యాటరీ గుర్తును కూడా నమ్ముకోవద్దు. చవక మీటర్లలో కొన్నింటికి ఆ గుర్తు అసలు వెలగదు, కొన్నింటికి రీడింగ్ చెడ్డాక వెలుగుతుంది.

నా పని రెండు సాయంత్రాలతో పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర ఇదే తప్పు జరిగితే ఖర్చు పెరుగుతుంది. నిజంగా 11.6 వోల్టులకు దిగిపోయిన బ్యాటరీని ఇలాంటి మీటర్ 13.4 అని చూపిస్తుంది. బ్యాటరీ ఫుల్లుగా ఉంది, ఇన్వర్టరే పోయింది అనుకుని బోర్డు మార్పించుకున్నవాళ్లను చూశాను.

పరిష్కారం తేలిక. టూల్ బాక్స్‌లో సీల్ తీయని మామూలు పెన్సిల్ సెల్ ఒకటి మీటర్ కోసమే ఉంచండి. ఏ రీడింగ్ వింతగా కనిపించినా ముందు దాన్ని కొలవండి. 1.7 దాటిందంటే మీటర్ బ్యాటరీ మార్చాల్సిందే. పాత 9 వోల్టుల బ్యాటరీలో ఎంతుందో చూడాలంటే బయటికి తీసి, వేరే మీటర్‌తో కొలవండి. 7.5 కన్నా తక్కువ ఉంటే పారేయండి. మీటర్‌తో దాని సొంత బ్యాటరీనే కొలవబోకండి, కొలిచే వైర్లు లోపల ఆ బ్యాటరీకే ముడిపడి ఉంటాయి. మూత విప్పే ముందు ప్రోబ్‌లు రెండూ మీటర్ నుంచి పీకేయాలి. క్లిప్పు మీద పచ్చటి చిలుము ఉంటే గీకి శుభ్రం చేయండి, అది కూడా ఇదే జబ్బు తెస్తుంది. రెండు చిన్న సెల్స్‌తో నడిచే కొత్త రకం మీటర్లలో చాలావాటికి ఈ బాధ తక్కువ. అయినా సెల్ పరీక్ష వాటికీ మంచిదే.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వైరులో 60, 70 వోల్టులు కనిపిస్తున్నాయి

మీటర్ తప్పు కాదు, వైరింగ్‌లో లీకేజ్ కూడా కాకపోవచ్చు. ఒకే పైపులో ఫేజ్ వైరు పక్కన ఖాళీ వైరు పడుకుని ఉంటే దాంట్లోకి కాస్త వోల్టేజ్ ఎక్కుతుంది. మంచి మీటర్‌కు లోపలి నిరోధం 10 మెగా ఓమ్స్ ఉంటుంది కనుక ఆ బలంలేని వోల్టేజ్‌ను కూడా పట్టుకుంటుంది. ఆ వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య హోల్డర్‌లో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి మళ్లీ కొలవండి. సున్నాకు పడిపోతే అది ఉత్త ప్రేరణ. పడకపోతే నిజమైన సప్లయ్ వస్తోంది, మెయిన్ ఆపి వెతకాలి. ఏ సంగతీ తేలేవరకు ఆ వైరులో కరెంటు ఉన్నట్టే లెక్క.

కరెంట్ కొలిస్తే ఎప్పుడూ సున్నా

మిల్లీ ఆంప్ ఫ్యూజు పోయింది. ఎవరో ఒకరు నాబ్ ఆంపియర్ల దగ్గర ఉంచి వోల్టేజ్ కొలిచి ఉంటారు. మూత తీసి, దాని మీద ముద్రించిన రేటింగ్ ఫ్యూజే వేయండి. రాగి తీగ చుట్టడం మాత్రం వద్దు, తర్వాతి పొరపాటుకు పేలేది మీ చేతిలోనే. 10 ఆంపియర్ల సాకెట్‌కు చవక మీటర్లలో ఫ్యూజే ఉండదు. ఎర్ర వైరు దాంట్లో మర్చిపోయి గోడ ప్లగ్‌లో ప్రోబ్‌లు పెడితే అది నేరుగా షార్ట్. కరెంట్ కొలవడం అవ్వగానే ఎర్ర వైరును వోల్ట్స్ సాకెట్‌లోకి మార్చాకే మీటర్ కింద పెట్టండి.

ఇన్వర్టర్ మీద 180 వోల్టులే వస్తున్నాయి

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ కాకపోతే ఇది మామూలే. సాధారణ మీటర్ ఏసీ సగటును కొలిచి 1.11తో హెచ్చవేసి చూపిస్తుంది. ఆ లెక్క సైన్ వేవ్‌కే చెల్లుతుంది. మెట్ల ఆకారంలో ఉండే వేవ్‌లో నిజంగా 230 ఉన్నా 180 దరిదాపుల్లో కనిపించవచ్చు. వేవ్ ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ లెక్కగట్టే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్‌తో కొలిస్తే సంగతి తేలుతుంది. మీటర్‌లో చూసిన అంకె పట్టుకుని ఇన్వర్టర్ లోపలి ప్రీసెట్ (వోల్టేజ్ సరిచేసే చిన్న మర) తిప్పకండి.

స్క్రీన్‌లో గీతలు ఎగిరిపోవడం, నాబ్ అరిగిపోవడం, ఐసీ కాలిపోవడం లాంటివి అరుదు. డిస్‌ప్లే కింది రబ్బరు పట్టీ తుడిచి బిగిస్తే గీతలు తిరిగి వస్తాయి. మిగతా వాటికి చవక మీటర్‌ను రిపేరు చేయడం దండగ.

ఇవన్నీ చూశాక కూడా కొనాల్సిందే అనుకుంటే

ఇంటి కరెంటు మీద పని చేసేవాళ్లు క్యాట్ 3, 600 వోల్ట్స్ (ఇంటి వైరింగ్ మీద వాడదగిన భద్రతా స్థాయి) అని రాసి ఉన్నది, రెండు కరెంట్ సాకెట్లకూ ఫ్యూజులు ఉన్నది తీసుకోండి. లోపల గాజు ఫ్యూజు కాకుండా పింగాణీ ఫ్యూజు ఉంటే ఇంకా మంచిది. ఇన్వర్టర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ల జోలికి వెళ్లేవాళ్లకు ట్రూ ఆర్‌ఎంఎస్ అవసరం. 12 వోల్టుల లోపు బొమ్మ సర్క్యూట్లే చేసుకునేవాళ్లకు అంత డబ్బు పెట్టక్కర్లేదు. ఏది కొన్నా కొట్లోనే ప్రోబ్‌లు కలిపి బీప్ వినండి, జేబులోంచి కొత్త పెన్సిల్ సెల్ తీసి కొలవండి. పాత పసుపు మీటర్‌ను పారేయకండి. కొత్త మీటర్ బ్యాటరీ కొలవాలంటే రెండోది ఒకటి చేతిలో ఉండాలి కదా.