సౌండ్ తీసేసి చూడండి

యానిమేషన్ ప్రేమకథలో మీకు నచ్చిన సీన్‌ను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. మొహాలు వదిలేసి చేతులు, వెలుగు గమనించండి. సెకనుకు 24 ఫ్రేములున్నా, జపాన్ యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను మామూలుగా రెండు మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచుతారు. ఒక్కోసారి అమ్మాయి పూర్తిగా నిలిచిపోయి, జుట్టు మాత్రం గాలికి ఊగుతుంటుంది. నోట్లో ఆగిపోయిన మాట అక్కడే తెలిసిపోతుంది. చున్నీ అంచు మెలిపెట్టే వేళ్లున్నా చాలు.

నాకీ అలవాటు మా అనంతపురం వైపు తోలుబొమ్మలాట చూసి వచ్చింది. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి బొమ్మకు కనుబొమ్మ కదలదు. తెరకు ఆనించిన బొమ్మను కాస్త వెనక్కి జరిపితే అంచులు మసకబారతాయి. ఎడబాటు ఎంత బాగా తెలుస్తుందో!

మీరు బొమ్మలు గీసేవాళ్లయితే, కన్నీళ్లు గీసే ముందు వెనకున్న రంగు మార్చి చూడండి.