డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఐండ్‌హోవెన్‌కి: మారేముందు వేయాల్సిన లెక్క

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మాది ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, ఇద్దరు పిల్లలు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి ఉద్యోగం ఆఫర్ రాగానే రెండు జీతాలూ పక్కపక్కన పెట్టి పోల్చాను. అక్కడే పప్పులో కాలేశాను.

ముందు భార్యాభర్తల లెక్క చూడండి. జర్మనీలో ఇద్దరి ఆదాయాన్నీ కలిపి, చెరిసగం చేసి పన్ను వేయించుకోవచ్చు. ఒక్కరే సంపాదిస్తే బాగా కలిసొస్తుంది. నెదర్లాండ్స్‌లో జీతం మీద పన్ను ఎవరిది వాళ్లదే.

నేను ఆశపెట్టుకున్నది '30 శాతం రూలింగ్' మీద, అంటే బయటి దేశం నుంచి వచ్చే ఉద్యోగులకు జీతంలో కొంత భాగంపై నెదర్లాండ్స్ ఇచ్చే పన్ను మినహాయింపు మీద. దానికి ఉద్యోగంలో చేరకముందు 24 నెలల్లో 16 నెలలకు పైగా డచ్ (నెదర్లాండ్స్) సరిహద్దుకు 150 కిలోమీటర్ల అవతల ఉండి ఉండాలి. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి సరిహద్దు గంట ప్రయాణం కూడా లేదు! మ్యూనిక్‌లో ఉండుంటే ఈ అడ్డు ఉండేది కాదు.

బీమా కూడా పన్నులాంటిదే అనుకోండి. జర్మన్ ప్రభుత్వ బీమాలో సంపాదన లేని మా ఆవిడకూ పిల్లలకూ వేరే ప్రీమియం లేదు. డచ్ వైపు పెద్దవాళ్లిద్దరం నెలనెలా కట్టాలి, పిల్లలకు ఉచితం. పిల్లల భత్యం జర్మనీలోనే ఎక్కువ: 2025లో ఒక్కొక్కరికి నెలకు 255 యూరోలు.

చివరగా, ఇండియాలో మన ఊళ్లో ఉన్న ఎఫ్‌డీలు. పొదుపు పరిమితి దాటితే 'బాక్స్ 3' (పొదుపు, పెట్టుబడుల మీద వేసే డచ్ పన్ను) కింద అవీ డచ్ లెక్కలోకి వస్తాయి. పాస్‌బుక్కులు ముందే తీసి పెట్టుకోండి.