బైపాస్ అయి ఇంటికొచ్చిన మనిషిని ఎలా చూసుకోవాలి?

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు బైపాస్ చేయించుకొచ్చిన వాళ్ల ఇళ్లకు కట్లు మార్చడానికి, బీపీ చూడడానికి వెళ్తుంటాను. ఏ గుమ్మంలో అడుగుపెట్టినా ఒకటే మాట: "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేం భయం లేదు." ఆపరేషన్ గుండెకు వెళ్లే రక్తానికి కొత్త దారి వేస్తుందే గానీ, పాత దారిని పూడ్చిన జబ్బును తీసెయ్యదు. ఆ జబ్బు కొత్త దారికీ పడుతుంది.

1. సరంజామా
బీపీ మిషన్, బరువు మిషన్, షుగర్ ఉంటే గ్లూకోమీటర్, గోడ క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్సిల్. పొద్దున్నే కాఫీకి ముందు బరువు చూసి ఆ తేదీ గడిలో రాయాలి. ఫోన్లో రాసుకుంటామంటారు, వద్దు. ఫోన్లో ఉన్నది కొడుక్కే కనిపిస్తుంది, గోడ మీదున్నది ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. ఒక్కరోజులో కిలో పైన, లేదా వారంలో రెండు కిలోల పైన పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించి డాక్టరుకు ఫోన్ చేయండి.

2. రొమ్ము ఎముక
అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు. అందాకా నీళ్ల బిందె, బియ్యం మూట, మనవడు, ఏదైనా సరే నాలుగైదు కిలోలు దాటితే ఎత్తకూడదు. డాక్టరు సరేననేదాకా బండి నడపకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఊనకుండా పక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు కిందికి వదిలి లేవాలి. దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకోవాలి.

3. నడక
ముందు ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ కాలవ గట్టు మీద. పొద్దున్నే నడవాలి. సాయంత్రమైతే గట్టు మీద ఎదురైన ప్రతి మనిషీ ఆపి ఆపరేషన్ కథంతా చెప్పించుకుంటాడు, నడక సాగదు.

4. మాత్రలు
అందరూ చెడగొట్టేది ఇక్కడే. మొదటి నెల మాత్ర అరగంట ఆలస్యమైతే ఇల్లంతా టెన్షన్. మూడో నెలకు మనిషి తేరుకుంటాడు, డబ్బా అటక ఎక్కుతుంది.

కాలి నుంచి తీసి గుండెకు అతికించిన నరాల్లో దాదాపు సగం పదేళ్లలో మూసుకుపోతాయి. కొన్ని మొదటి ఏడాదిలోనే పోతాయి. రొమ్ము లోపలి నుంచి తెచ్చి కలిపిన ధమని గట్టిది, పదేళ్లకీ పదింట తొమ్మిది తెరిచే ఉంటాయి. డిశ్చార్జి కాగితంలో ‘లిమా’ అని రాసేది దాన్నే. మిగతా నరాలు నిలబడాలంటే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర జీవితాంతం పడాల్సిందే.

"కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చిందండీ, ఇంక మాత్రెందుకు?" అంటారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది! పైగా ల్యాబ్ కాగితంలో రాసే నార్మల్ మీకు సరిపోదు. బైపాస్ అయినవాళ్లకు ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 70 కంటే తక్కువుండాలి. 55 కంటే తగ్గించాలనే డాక్టర్లూ ఉన్నారు.

పన్ను పీకాలనో, ఇంకేదో చిన్న ఆపరేషన్ అనో ఎవరైనా ఆస్పిరిన్ ఆపమంటే, గుండె డాక్టరును అడక్కుండా ఒక్కపూట కూడా ఆపొద్దు. కడుపులో మంట, కండరాల నొప్పి వస్తే చెప్పండి. మోతాదో మందో మారుస్తారు, మీ అంతట మీరు మానకండి. తెల్లమద్ది బెరడు కషాయం తాగుతున్నాం కదా అని మాత్రలు మానేసినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వీళ్లకు పనికిరావు. గుండెకీ కిడ్నీకీ చేటు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రే వాడాలి.

మాత్రలకు వారాల గళ్ల ప్లాస్టిక్ పెట్టెలు కొనకండి. పొద్దుటివి ఒక స్టీలు గిన్నెలో, రాత్రివి ఇంకో గిన్నెలో, అట్టలతో సహా ఉంచండి. అట్ట మీద పేరుంటే మారిపోయే భయముండదు.

5. తిండి, పొగ
ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు తగ్గించాలి, ఉప్పు కోసం. పరామర్శకొచ్చేవాళ్లు తెచ్చే పూతరేకులు గుమ్మంలోనే తీసుకుని పిల్లలకు పెట్టేయండి. బీపీ 130/80 లోపు, షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 7 శాతం లోపు ఉండేలా చూడమంటారు. వయసు మీదపడినవాళ్లకు డాక్టరు కొంచెం సడలిస్తారు. చుట్ట, సిగరెట్ మాత్రం రోజుకొకటి అనే బేరం లేదు, పూర్తిగా మానాలి.

6. ఆగకూడని సందర్భాలు
గాటు దగ్గర చీము, జ్వరం, ఊపిరి తీస్తుంటే రొమ్ములో టకటకమని ఎముక కదిలిన చప్పుడు ఉంటే అదే రోజు ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం అయితే ఊళ్లో ఆర్‌ఎంపీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితాలు, మాత్రల గిన్నెలు రెండూ వెంట తీసుకెళ్లండి.