కెనడా పీఆర్: ఎక్స్‌పీరియన్స్ లెటర్ డ్రాఫ్ట్ మీరే రాసివ్వండి

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, దరఖాస్తు చేయమని ఇన్విటేషన్ వచ్చాక పూర్తి దరఖాస్తుకి ఉండేది 60 రోజులే. పాత కంపెనీ హెచ్ఆర్‌ని ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా రాసి రెండు లైన్లు పంపేస్తారు. అది చాలదు.

ప్రొఫైల్ వేసిన వెంటనే డ్రాఫ్ట్ మీరే టైప్ చేసి పంపండి, లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టమనండి. ఖాళీ కాగితం మీద రాయమంటే వాయిదా వేసేవాళ్లు కూడా సంతకానికి త్వరగానే ఒప్పుకుంటారు. అందులో హోదా, తేదీలు, ఏడాది జీతం, ఇతర సదుపాయాలు, చేసిన పనులు ఆరేడు లైన్లలో ఉండాలి. కింద సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోన్, ఈమెయిల్. వారానికి ఎన్ని గంటలు పనిచేశారో కూడా రాయించండి, చాలామంది వదిలేసేది ఇదే. ఫుల్‌టైమ్ అంటే కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో వారానికి 30 గంటలు. పనుల జాబితా మాత్రం ఎన్‌ఓసీ (ఏ ఉద్యోగంలో ఏ పనులుంటాయో చెప్పే కెనడా ప్రభుత్వ జాబితా) పేజీలోంచి మక్కీకి మక్కీ దించొద్దు, చూసేవాళ్లకి అనుమానం వస్తుంది.

కొన్ని పెద్ద కంపెనీలు సొంత ఫార్మాట్ దాటి ఒక్క అక్షరం ఇవ్వవు. అక్కడ ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు వాళ్లిచ్చిన లెటర్‌కి పాత మేనేజర్ సంతకం చేసిన లెటర్, పే స్లిప్పులు, కారణం వివరిస్తూ మీ లేఖ జతచేయండి. అయినా ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఇష్టమే.